శివారు పొలంలో సర్కారు తుమ్మ

విజయవాడ, పటమట
కార్తీక పౌర్ణమి మర్నాడు

చిరంజీవి అమ్మడుకి పెదతాతయ్య ఆశీస్సులు.

 

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. గట్టు మీద తాడిచెట్లు కనిపించకపోతే అది మన పొలమని పోల్చుకోలేకపోయేవాణ్ణి. నాగాయలంక దాటాక కాలవ చివరన ఉన్న ఆ చేను నా తమ్ముడి వాటాకి వచ్చింది. మీ తాత ఉన్నన్నాళ్ళూ దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. వాడు పోయాక కౌలుదార్లు మారారు. చివరికి నీళ్ళు అందట్లేదని అందరూ వదిలేశారు. ఇప్పుడది నీ పేరు మీదికి వచ్చింది. సంక్రాంతికి సెలవు పెట్టి వస్తాననీ, పొక్లెయిన్ మాట్లాడి రెండు రోజుల్లో సర్కారు తుమ్మ కంపంతా తీయించి ఫెన్సింగ్ వేయిస్తాననీ రాశావు. పొలం అమ్మేస్తానని రాయనందుకు మనసు నిండింది. కానీ ఆ రెండు రోజుల పని సంగతి నీకు వివరంగా చెప్పాలి. ఫోనులో చెబితే మధ్యలో నీకు మీటింగ్ ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

రెండు రోజుల్లో అయ్యేది కొట్టడం. కొట్టడం వేరు, పోగొట్టడం వేరు. ఆ తేడా చూడాలంటే నువ్వు మన పొలమున్న దివిసీమ దాకా వెళ్ళక్కర్లేదు. బెజవాడలో బస్సు దిగి ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా అమరావతి వైపు వెళితే చాలు. 2015లో అక్కడి 29 ఊళ్ళ రైతులు రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఏటి ఒడ్డున ఉన్నవి జరీబు భూములు. అరటి, పసుపు, మల్లె, కూరగాయలు, ఏది వేస్తే అది పండేది. తుళ్ళూరు వైపు నల్లరేగడిలో పత్తి పండేది. ఆ యేడు అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. రోడ్లు వేయడం మొదలైంది, గట్లు చెదిరిపోయాయి, పాత బోదెలు పూడిపోయాయి. 2019 తర్వాత పని ఆగింది. దున్నేవాళ్ళు లేరు, కట్టేవాళ్ళు లేరు. అయిదేళ్ళు గడిచేసరికి అంత మంచి నేల మీద మనిషి ఎత్తు దాటిన ముళ్ళకంప లేచింది. భూమికి బదులుగా తమకి రావలసిన ప్లాటు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళిన రైతులు కంప అడ్డం పడి వెనక్కి తిరిగొచ్చారు. సగం కట్టిన బిల్డింగుల చుట్టూ కంప, నీళ్ళు. 2024 ఆగస్టులో ఆ కంప తీయించడానికి రాజధాని పనులు చూసే సీఆర్డీయే సుమారు 36 కోట్ల రూపాయల పని మొదలుపెట్టింది. దాన్ని జంగిల్ క్లియరెన్స్ అన్నారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు యంత్రాలు వరసగా నడుస్తున్నాయి, పెకలించిన కంప గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఆ నేలలో నా చిన్నప్పుడు మినుము, జొన్న చూశాను. అక్కడ నిలబడితే కడుపు తరుక్కుపోయింది అమ్మడూ.

ఎవరి పాలనలో ఏం జరిగిందన్న తగువులోకి నేను దిగను. అది నీకు పేపర్లో దొరుకుతుంది. నా కంటికి ఆనింది ఒక్కటే: కంప ఆ భూమిని గుంజుకోలేదు. మనిషి కాలు పడడం మానేసిన చోటికి వచ్చి కూచుంది. అక్కడ యంత్రం వెళ్ళాక వెనకాలే రోడ్డో ఇల్లో వస్తుంది కాబట్టి సరిపోతుంది. మన చేలో యంత్రం వెళ్ళిపోయాక ఏం వస్తుంది? నువ్వు జవాబు చెప్పవలసింది దానికి.

ఈ సర్కారు తుమ్మ మన దేశానికి వచ్చిన దారి కూడా తెలుసుకో. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతం. 1876లో మద్రాసు అటవీ శాఖలో పనిచేసే బెడ్డోమ్ అనే దొర మెట్ట నేలల్లో వంటచెరకు కోసం దీని విత్తనాలు కావాలని అడిగాడు. మరుసటి యేటికల్లా అవి కడప జిల్లా కమలాపురంలో నాటారు. అంటే మన తెలుగు నేల మీద దీనికి దాదాపు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించి కాపాడింది. 1961 నుంచి కచ్‌లో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా బన్నీ గడ్డి మైదానాల అంచున అటవీ శాఖే నాటించింది. ఇవాళ ఆ బన్నీలో గేదెల మేత పోయి చాలాచోట్ల ఇదే మిగిలింది. నాటినవాళ్ళెవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. కట్టె లేని చోట కట్టె కావాలని, ఇసుక కదలకుండా ఉండాలని నాటారు. నాటాక అది ఎంతవరకు వెళుతోందో చూసుకునే మనిషి లేకపోయాడు. తమిళనాడులో వ్యవహారం కోర్టుకెక్కి, 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి దీన్ని పీకేయించమని ఆదేశాలిచ్చేదాకా వెళ్ళింది. కెన్యాలో అయితే దీని తియ్యటి కాయలు తిని పళ్ళు పాడైన మేకను సాక్ష్యంగా కోర్టుకే తోలుకొచ్చారు అక్కడి పశువుల కాపర్లు.

మన దివిసీమలో దీనికి అచ్చివచ్చిన సంగతి ఇంకొకటి ఉంది, ఉప్పు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం మన చేల మీదుగా పోయింది. ఆ ఒక్క విపత్తులో 10 వేల మందికి పైగా పోయారు. ఆ లెక్క రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. నేల తెల్లగా పూతపూసి ఉండేది. మీ తాత, నేను, ఊళ్ళో మిగిలినవాళ్ళం కాలవ నీళ్ళు పెట్టి, కడిగి, జీలుగ వేసి, దున్ని, మళ్ళీ కడిగి దాన్ని తిరిగి చేనుగా చేసుకున్నాం. ఆ తర్వాత 1990ల్లో రొయ్యల చెరువుల మోజు వచ్చింది. వరి పొలాల్లోకి ఉప్పు నీళ్ళు తోడారు. తెల్లమచ్చ తెగులు కొట్టాక చాలామంది చెరువులు వదిలేసి వెళ్ళారు. ఆ గట్ల మీద, డ్రెయిన్ల మీద సర్కారు తుమ్మ స్థిరపడింది. వరి ఓర్చుకోలేని ఉప్పుని అది ఓర్చుకుంటుంది. అక్కణ్ణించి మేకల కడుపులో పడి మన చేలోకి వచ్చింది. కాయ తిన్న మేక గింజని అరిగించుకోలేదు. పెంటికలో పడిన గింజ తొందరగా మొలుస్తుంది. కాబట్టి మేకల వాళ్ళని మొదటి యేడు బతిమాలి అయినా పొలంలోకి రానివ్వకు.

ఇక పని సంగతి.

సంక్రాంతికి వద్దు. ఆ వేళకి చుట్టుపక్కల చేలల్లో వరి కోసేసి ఉంటారు, నిజమే. కానీ కోతకి ముందే చల్లిన మినుము అప్పుడు నాలుగాకుల మీద ఉంటుంది. మన చేలోకి బండి దారి లేదు, పక్కవాళ్ళ చేను తొక్కుకుంటూ పోవాలి. పొక్లెయిన్ పక్క రైతు మినుము మీద నుంచి పోయిందంటే నువ్వు ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకోలేవు. మినుము పీకాక, శివరాత్రి దాటి ఉగాది లోపల రా. అప్పటికి నేల గట్టిపడి యంత్రాన్ని మోస్తుంది. తుమ్మ పూత మీద ఉంటుంది గానీ కాయ పండి రాలదు. ఎండలు ముదిరాక పెట్టుకుంటే పీకిన ప్రతి కొమ్మా నేల మీద గింజలు దులిపి పోతుంది. ఆ గింజలు కొన్నేళ్ళపాటు మట్టిలో చావకుండా పడి ఉంటాయి.

వచ్చే ముందే సర్వేయరుకి దరఖాస్తు పెట్టించు. కంప మొదట తినేది గట్టునే. మూల రాళ్ళు కనిపించవు. కంప తీశాక హద్దు తగాదా వచ్చేకంటే, ముందే గ్రామ సచివాలయంలో సర్వేయరుని పట్టుకుని, పక్క రైతులని పిలిచి, నాలుగు మూలలా జెండాలు పాతించుకో.

కూలీలు వచ్చాక మొదటి పూట కత్తి పట్టనివ్వకు. చేతికి ఒక సున్నం డబ్బా తీసుకుని ముందు చేనంతా నువ్వే తిరుగు. ఉంచాల్సిన చెట్లకి సున్నం పట్టె వేయి. నల్లతుమ్మ మనది, పాతది. ముల్లుందని దాన్ని కొట్టేస్తారు. నల్లతుమ్మకి పువ్వు పచ్చగా గుండ్రంగా బొడిపెలా ఉంటుంది, కాయ బూడిద రంగులో పూసలు గుచ్చినట్టు గింజ గింజకీ మధ్య నొక్కుకుని ఉంటుంది. సర్కారు తుమ్మ పువ్వు పొడుగ్గా వేలాడుతుంది, కాయ గడ్డి రంగులో చిక్కుడుకాయలా బారుగా ఉంటుంది. మీ ముత్తాత నాగలి, బండి ఇరుసు చేయించినది నల్లతుమ్మతోనే. కానుగ ఉంటే ఉంచు. తాడిచెట్ల జోలికి ఎవర్నీ పోనివ్వకు.

ఆ తిరిగేటప్పుడు మోకాళ్ళ దాకా వచ్చే గమ్ బూట్లు వేసుకో, చేతిలో కర్ర ఉండాలి. ఇది నేను భయపెట్టడానికి రాయట్లేదు. దివిసీమలో రక్తపింజరి ఎక్కువ. 2018లో పాముకాట్లు మరీ పెరిగి జనం బెదిరిపోతే ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో సర్పశాంతి యాగం చేశారు. స్వామికి దణ్ణం పెట్టుకునే వెళ్ళు. దానితోపాటు అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రిలో పాము మందు ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కో, ఒక బండి పొలం దగ్గరే ఉంచుకో. ఎవరికైనా కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రాలు ఏవీ వద్దు. కాలు కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి.

పెకలించే పని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ పాడుచేసేది ఇక్కడే. సర్కారు తుమ్మని పైకి కొడితే చావదు. నేలకి కాస్త లోపల మొదలు దగ్గర దానికి ముడి ఉంటుంది, చిగుళ్ళన్నీ అక్కణ్ణించి లేస్తాయి. ఆ ముడి మిగిలిందంటే ఒక మాను ఉన్న చోట గుబురు లేస్తుంది, మరుసటి యేడు నువ్వు చూసేది ఇప్పటికంటే దట్టమైన కంప. కాబట్టి ప్రతి మొదలూ అడుగు లోతు నుంచి బయటికి రావాలి. పొక్లెయిన్ డ్రైవరుతో పని మొదలుపెట్టకముందే ఈ మాట ఖాయం చేసుకో: బకెట్ పళ్ళతో ఒక్కో మొదలూ పెకలించి, వేళ్ళకున్న మట్టి దులిపి పక్కన పెట్టాలి. బ్లేడుతో నేల గీకకూడదు. గీకితే పని తొందరగా అవుతుంది, చూడ్డానికి నున్నగా ఉంటుంది, కానీ అన్నేళ్ళు మనం చేసుకున్న పైమట్టి కంపతోపాటు గట్టు మీదికి పోతుంది. అడుగున ఉన్న చౌడు పైకి తేలుతుంది. గంట లెక్కన డబ్బు ఎక్కువైనా సరే, పెకలించడమే. చిన్న మొక్కలకి యంత్రం వద్దు, గునపం చాలు.

కట్టె మేస్త్రీలు నీ దగ్గరికి వస్తారు. పైసా ఇవ్వక్కర్లేదమ్మా, కంప మేమే కొట్టి కట్టె పట్టుకుపోతాం అంటారు. వాళ్ళు నేలమట్టంగా కొడతారు, మొదలు వదిలేస్తారు. రెండు మూడేళ్ళకి మళ్ళీ కట్టె ఎదిగి వస్తే వాళ్ళకి మళ్ళీ పని. అందులో వాళ్ళని అనవలసింది ఏమీ లేదు, వాళ్ళ బతుకు ఆ కట్టె మీద ఉంది. ఈ చెట్టు వల్ల గ్యాసు కొనలేని ఇళ్ళలో ఎన్నో ఏళ్ళు పొయ్యి వెలిగింది. కట్టె పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి, గాలి తగలకుండా రోజుల తరబడి కాల్చి బొగ్గు చేసుకుని బతికిన కుటుంబాలున్నాయి. అందుకని వాళ్ళని పంపేయకు. బేరం మార్చు. మొదళ్ళు నీ యంత్రం తీస్తుంది, కట్టె అంతా వాళ్ళది. బదులుగా ముళ్ళ కొమ్మ ఒక్కటి కూడా నేల మీద మిగలకుండా ఏరి ఇవ్వాలి. మిగిలిన ముల్లు ట్రాక్టరు టైరుకీ దిగుతుంది, దమ్ములో దిగే మనిషి కాలికీ దిగుతుంది. కాల్లో విరిగిన ముల్లు చీము పట్టి నెలల తరబడి బాధపెట్టడం నేను చూశాను. కొంచెం కంప మాత్రం కావాలని అడిగితే చేపల చెరువు వాళ్ళకి ఇచ్చేయి. రాత్రి పూట దొంగ వలలు వేయకుండా నీళ్ళలో పడేస్తారు.

మందు కొట్టిస్తే సరిపోదా అని ఎవరో అన్నారని రాశావు. మన బోదె కిందనే ఊరి మంచినీళ్ళ చెరువు ఉంది. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు ఆ చెరువు నింపుకుని ఊరంతా తాగుతుంది. చేను మీద కలుపు మందు చల్లే ఆలోచన మానుకో. దీని మీద నాకు రెండో మాట లేదు.

కంప పోయాక గుంటలు పూడ్చి, దుక్కి దున్నించి, మట్టి నమూనా తీయించు. బాపట్లలో ఉప్పు నేలల మీద, ఉప్పు నీళ్ళ మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. మచిలీపట్నం పరిశోధన కేంద్రం వాళ్ళు చౌడుకి తట్టుకునే వరి వంగడాల మీద పనిచేస్తారు. పాల చౌడైతే మంచినీళ్ళు నిలబెట్టి, మురుక్కాలవలోకి వదిలి కడగడంతో చాలామటుకు పోతుంది. కారు చౌడైతే జిప్సం వేయాలి. ఏదన్నది పరీక్షలో తేలాలి, కంటితో చూసి డబ్బు పోయకు. మురుక్కాలవ పూడిపోయి ఉంటే ముందు అది తీయించు. నీళ్ళు దిగిపోయే దారి లేకపోతే ఎంత కడిగినా ఉప్పు అక్కడే ఉంటుంది.

కాలవకి నీళ్ళు వదలగానే జీలుగ చల్లించు. రైతు సేవా కేంద్రంలో విత్తనం సబ్సిడీకి ఇస్తారు. జీలుగ చౌడునీ ఓర్చుకుంటుంది, నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది. నెల తిరిగేసరికి నడుం ఎత్తు లేచి నేలని నీడలో పెడుతుంది. తుమ్మ మొలకకి ఎండ కావాలి, ఆ నీడలో అది ఎదగలేదు. నలభై అయిదు, యాభై రోజులకి పూత పడుతున్నప్పుడు నేలలో కలియదున్నితే ఎరువవుతుంది. ఆ పైన వరి నాటడమా, మొదటి యేడు ఊరికే వదలడమా అన్నది నీళ్ళని బట్టి చూసుకోవచ్చు. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్ళు బ్యారేజీకి వస్తున్నాయి కాబట్టి కాలవకి నీళ్ళు ముందే వదిలే వీలుంది. కానీ శివారుకి చేరేది పైనున్న వాళ్ళు వాడుకోగా మిగిలినదే. గుర్రపుడెక్క, తూడు పట్టిన కాలవలో ఆ మిగిలిన నీళ్ళు కూడా పారవు. కాబట్టి ఊరి రైతులు కాలవ బాగు చేసుకునే రోజున నీ వంతు కూలి డబ్బు అడగకముందే పంపించు.

ఇదంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. మొదటి వాన పడ్డ పది పదిహేను రోజులకి పాత గింజలు మొలుస్తాయి. మిగిలిపోయిన మొదళ్ళు చిగురేస్తాయి. జానెడు మొలకైతే తడి నేలలో చేత్తో పీకితే వేరుతో సహా వస్తుంది. అదే దసరా దాకా వదిలితే గునపం కావాలి, మరుసటి యేడు దాకా వదిలితే మళ్ళీ పొక్లెయిన్ కావాలి. మూడు వానాకాలాలపాటు ఒక మనిషి ఆ చేను నాలుగు గట్లూ తిరిగి, కనబడిన మొలక కనబడినట్టు పీకాలి. ఫెన్సింగ్ ఆ పని చేయదు. ఫెన్సింగ్ వేస్తే మేకలు రావు, నిజమే. మనుషులు కూడా రారు. తాళం వేసిన గేటు వెనకాల కంప మరింత నిబ్బరంగా ఎదుగుతుంది. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు కొని, కంచె వేసి, వదిలేసిన పొలాలు అవనిగడ్డ దారి పొడుగునా చూపిస్తాను.

నువ్వు ఉద్యోగం మానుకుని రమ్మని నేను అనట్లేదు. నీ బతుకు నీది, నీ చదువుకి తగ్గ పని బెంగుళూరులోనే ఉంది. పొలానికి మాత్రం ఒక మనిషి కావాలి. మన పక్క చేను చేసే కుటుంబం ఉంది చూడు, వాళ్ళకి సొంతం కొంచెం, మిగిలింది కౌలు. ఆ ఇల్లాలికి జీలుగ దగ్గర్నుంచి మినుము దాకా అన్నీ తెలుసు. ఆవిడ చేలో ఒక్క తుమ్మ మొక్క లేదు, గమనించావో లేదో. మూడేళ్ళు కౌలు అడగకుండా వాళ్ళకి ఇచ్చేయమని నా సలహా. జీలుగ విత్తనం, దుక్కి ఖర్చు నువ్వు పెట్టు. మొలకలు పీకే పూచీ వాళ్ళది. నాలుగో యేటి నుంచి పంటని బట్టి కౌలు మాట్లాడుకోవచ్చు. కౌలు కార్డు వాళ్ళ పేరున రాయించడానికి భయపడకు. అది లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు, తుపానుకి పంట పోతే పరిహారమూ రాదు. కార్డు ఇస్తే భూమి పోతుందని నిన్ను భయపెట్టేవాళ్ళు ఉంటారు. ఆ కార్డుతో యాజమాన్యం మారదు, కాగితం చదువుకో.

మీ నాన్నతో కూడా మాట్లాడు. మూడేళ్ళ కౌలు వదులుకోవడం వాడికి నచ్చకపోవచ్చు. ఇప్పుడు వచ్చే కౌలు ఎంతో అడుగు, సున్నా కదా.

జవాబు రాసేటప్పుడు మూడు వానాకాలాలు ఆ గట్ల మీద ఎవరు తిరుగుతారో పేరు రాసి పంపు. పక్క చేనువాళ్ళయినా సరే, ఇంకెవరైనా సరే. పేరు తేలాక నేను నాగాయలంకలో పొక్లెయిన్ మాట్లాడి, శివరాత్రి తర్వాత ఏ తేదీకి నువ్వు రైలెక్కాలో రాస్తాను. పాస్‌బుక్కు, అడంగల్ కాపీ వెంట తెచ్చుకో. గమ్ బూట్లు ఇక్కడ వన్‌టౌన్‌లో దొరుకుతాయి, నీ కాలి కొలత పంపు, నేను కొని ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ పెదతాతయ్య